పిల్లికి ఆపరేషన్ అయినంక ఇంట్లో మందులు ఇచ్చే పద్ధతి

ఆడ పిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లో గర్భసంచి, అండాశయాలు తీసేస్తారు. కోత పొట్ట మధ్యలో గానీ, పక్కన డొక్క మీద గానీ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి పది నుంచి పద్నాలుగు రోజుల్లో కోలుకుంటుంది. ఆ రోజుల్లో ఇంటి దగ్గర పని చెడేది ఎక్కువగా రెండు విధాలుగా: పిల్లి కుట్లు నాకి తెంపుకోవడం, లేదా ఇంట్లోవాళ్లు తప్పు మందో తప్పు కొలతో వేయడం. మొదటిదాన్ని మెడకు వేసే గరాటు కాలర్ ఆపుతుంది. రెండోదాన్ని ఆపాల్సింది మనమే.

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చాలామంది పిల్లిని హైదరాబాద్ తీసుకుపోయి, ఆపరేషన్ చేయించి, అదే సాయంత్రం గంపలోనో బుట్టలోనో వెనక్కి తెచ్చుకుంటారు. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, డాక్టరు వంద కిలోమీటర్ల అవతల ఉంటారు. చేతిలో మిగిలేది మందుల చీటీ ఒక్కటే. అందుకే అడగాల్సినవన్నీ దవాఖాన గడప దాటకముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.

చీటీ మీద ఏం ఉండాలి

ఆపరేషన్ రోజు పిల్లి బరువు ఎంతో చీటీ మీద రాయించండి. ప్రతి మందుకూ పేరు, బలం, ఒక్కసారికి ఎన్ని మి.లీ. లేదా ఎంత గోలీ, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, తిన్నాక ఇవ్వాలా ముందా అన్నవి విడివిడిగా ఉండాలి. ఓడీ అంటే రోజుకు ఒక్కసారి, బీడీ అంటే పన్నెండు గంటలకు ఒకసారి, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. ఓడీని బీడీగా చదివితే కొలత రెండింతలు అవుతుంది కాబట్టి అర్థం కాని అక్షరాన్ని ఊహించి చదవొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, చాలామంది మరిచిపోయేది: ఈరోజు ఏ ఏ సూదులు వేశారు, ఇంట్లో మొదటి డోసు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆపరేషన్ సమయంలో వేసే మెలాక్సికామ్ అనే నొప్పి మందు సూది సుమారు ఒక రోజు పనిచేస్తుంది. ఆ రాత్రే ఇంట్లో మళ్లీ నోటి మందు వేస్తే పిల్లి ఒంట్లో రెండు డోసులు పడతాయి. అంతకుముందు చర్మరోగానికో, ఉబ్బసానికో ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ వాడి ఉంటే అది కూడా చెప్పాలి. స్టెరాయిడ్, మెలాక్సికామ్ కలిస్తే పొట్టలో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదం ఉంది.

చేతికి చిక్కని పిల్లి అయితే, అంటే గోడల మీద తిరుగుతూ అన్నం వేళకు మాత్రమే వచ్చే రకం అయితే, ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పండి. ఎక్కువ గంటలు పనిచేసే సూదులు, లోపలే కరిగిపోయే కుట్లు అప్పుడే నిర్ణయించుకోవాలి. ఇంటికి వచ్చాక దాన్ని పట్టుకుని రోజుకు రెండుసార్లు గోలీ వేయడం మీవల్ల కాదు, దానికీ మంచిది కాదు.

కొలత దగ్గర జరిగే తప్పు

మన పిల్లులు ఎక్కువగా రెండున్నర, మూడున్నర కిలోల మధ్య ఉంటాయి. ఇంత చిన్న ఒంటికి మందు చుక్కల్లో ఉంటుంది, చుక్కల్లో జరిగే తప్పు కంటికి కనపడదు.

మెలాక్సికామ్‌నే తీసుకోండి. పిల్లులకు ఆపరేషన్ తర్వాతి రోజుల్లో ఇంట్లో ఇచ్చే సాధారణ కొలత కిలో బరువుకు 0.05 మి.గ్రా., రోజుకు ఒక్కసారి, కొద్ది రోజులు మాత్రమే. మూడు కిలోల పిల్లికి లెక్క 0.15 మి.గ్రా. పిల్లుల కోసం చేసిన ద్రవంలో ఒక మి.లీ.కు 0.5 మి.గ్రా. మందు ఉంటుంది, అందులో అయితే 0.3 మి.లీ. ఇవ్వాలి. కుక్కల కోసం చేసినదాంట్లో మి.లీ.కు 1.5 మి.గ్రా. ఉంటుంది, అందులో అయితే 0.1 మి.లీ. చాలు. చీటీలో 0.3 అని ఉండి, షాపులో దొరికింది కుక్కల సీసా అయితే పిల్లికి మూడింతల మందు పడుతుంది. ఇక మనుషుల మెలాక్సికామ్ గోలీ 7.5 మి.గ్రా. ఉంటుంది. అది మూడు కిలోల పిల్లికి యాభై రోజుల మందు. దాన్ని కత్తిరించి చిన్న ముక్క వేద్దాం అనే ఆలోచన అసలు వద్దు. ఈ లెక్క చెప్పింది మీరే డోసు వేసుకోవడానికి కాదు. సీసా మీది అంకె, చీటీ మీది అంకె ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూసుకోవడానికి. తేడా కనపడితే ఫోన్ చేసి అడిగాకే మూత తీయండి.

యాంటీబయాటిక్‌గా మనుషుల పిల్లలకు వాడే అమాక్సిసిలిన్-క్లావులనేట్ పొడి సిరప్ రాసిస్తే అక్కడా ఇదే మెలిక. 5 మి.లీ.కు 228.5 మి.గ్రా., 457 మి.గ్రా. అని రెండు బలాల్లో వస్తుంది. ఒకటి లేదని షాపాయన రెండోది ఇస్తే బలం రెండింతలు. పొడిలో కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీది గీత దాకా పోసి బాగా కుదపాలి. నురగ దిగాక నీళ్లు గీత కిందికి జారుతాయి, మళ్లీ గీత దాకా పోయాలి. ఈ రెండోసారి పోయడం మానేస్తే మందు చిక్కగా మిగిలి ప్రతి డోసూ ఎక్కువవుతుంది. కలిపిన సిరప్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఏడు రోజుల తర్వాత పారబోయాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గది లోపలే వేడి భరించలేకుండా ఉంటుంది. బయట గూట్లో పెట్టిన సిరప్ బలం త్వరగా తగ్గిపోతుంది. కరెంటు ఎక్కువసేపు పోయే ఊర్లలో అయితే ద్రవం బదులు గోలీ రాయమని ముందే అడగండి.

కొలవడానికి 1 మి.లీ. సిరంజి కొనండి, సూది తీసి పారేయండి. ఇన్సులిన్ సిరంజి వాడొద్దు. దాని మీద ఉండేది యూనిట్లు, మి.లీ. కాదు. ఎర్ర మూత దాంట్లో 40 యూనిట్లు ఒక మి.లీ., నారింజ రంగు మూత దాంట్లో 100 యూనిట్లు ఒక మి.లీ. పైగా చాలావాటికి సూది ఊడి రాదు. సిరంజిలోకి మందు లాగాక గాలి బుడగ ఉంటే వేలితో కొట్టి పైకి తెచ్చి తీసేయండి. 0.3 మి.లీ. డోసులో 0.1 మి.లీ. బుడగ ఉంటే మూడో వంతు మందు తగ్గినట్టే. చాయ్ చెంచాతోనో సీసా మూతతోనో పిల్లి మందు కొలవలేం.

బరువు తెలియకపోతే కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాంటా మీద పిల్లిని బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేస్తే సరిపోతుంది. మనుషులు నిలబడే తూకం మిషన్ మీద అరకిలో తేడా రావచ్చు. మూడు కిలోల ప్రాణానికి అరకిలో అంటే ఆరో వంతు.

ఇంకొక సంగతి. నలుగురున్న ఇంట్లో పొద్దున అత్తమ్మ ఒకసారి, ఇవ్వలేదేమో అనుకుని కోడలు మరోసారి మందు వేయడం జరుగుతుంది. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తారీఖు గడిలో మందు పేరు, వేసిన టైము రాయండి. మందు వేసేది ఒక్కరే అయితే ఇంకా మంచిది. ఒక డోసు మరిచిపోతే తర్వాతి వేళకు రెండూ కలిపి వేయొద్దు, ఆ వేళది మాత్రమే వేయండి.

ఇంటి మందుల డబ్బా జోలికి పోవద్దు

పిల్లి మూలుగుతుంటే చూడలేక డోలో 650 ముక్కో, క్రోసిన్ సిరప్పో పోసేవాళ్లున్నారు. ఇది పిల్లిని చంపుతుంది. వీటిలో ఉండే పారాసిటమాల్‌ను మన కాలేయం విరిచి బయటికి పంపగలదు. ఆ పని చేసే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. విరగకుండా మిగిలిన మందు విషంగా మారి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది, అవి ఆక్సిజన్ మోయలేవు. కొన్ని గంటల్లో చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పంజాలు వాస్తాయి, పిల్లి ఎగశ్వాస పడుతుంది. ఒక 500 మి.గ్రా. గోలీ పిల్లి ప్రాణం తీయడానికి చాలు. పొరపాటున వేసి ఉంటే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. గోలీల పట్టీ చేతిలో పట్టుకుని, ఎంత వేశారో ఎప్పుడు వేశారో చెబుతూ వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. దీనికి విరుగుడు ఉంది, అసిటైల్‌సిస్టీన్ అంటారు. ఎంత త్వరగా అందితే అంత ఆశ.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా వద్దు. బర్రెకో మేకకో వాడగా మిగిలిన సూది మందులు కూడా వద్దు.

మొదటి రాత్రి

మత్తు పూర్తిగా దిగేదాకా నోట్లో ఏమీ వేయకూడదు, మందైనా నీళ్లైనా. మత్తులో మింగే తెలివి ఉండదు, వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తూలకుండా నడిచి, పిలిస్తే తల తిప్పి చూసి, తనంతట తానే నీళ్లు నాకితే మత్తు దిగినట్టు. అప్పుడు రోజూ తినేదాంట్లో నాలుగో వంతు పెట్టండి. ఆ తిండి నిలిస్తే, డాక్టరు చెప్పిన వేళకు మందు మొదలుపెట్టవచ్చు.

మెలాక్సికామ్ ఎప్పుడూ తిన్నాకే. తినని పిల్లికి, కక్కుతున్న పిల్లికి, నీళ్లు తాగని పిల్లికి అది వేయకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గించి వాటిని దెబ్బతీస్తుంది. ఎండాకాలం ఆపరేషన్లలో ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పిల్లిని చల్లటి గదిలో ఉంచి, రెండు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టండి.

గోలీ మింగించడం

ముందు అన్నీ సిద్ధం చేసుకుని ఆ తర్వాతే పిల్లిని పట్టుకోండి. కత్తిరించిన గోలీ ముక్క, 5 మి.లీ. నీళ్లు నింపిన సూదిలేని సిరంజి, మందపాటి తువ్వాల, చివర్న పెట్టడానికి ఉడికించిన కోడి ముక్క. తలుపు గొళ్లెం వేయండి. అటక, బీరువా కింది సందు ఉన్న గది వద్దు. ఒకసారి దూరిందంటే లాగి తీసేటప్పుడు కుట్ల మీద బలం పడుతుంది. అది పడుకునే చోట, తినే చోట మందు వేయకండి, తర్వాత ఆ చోటుకే రాదు.

గోలీని షాపులో దొరికే కట్టర్‌తో కోయండి. కోసిన గోలీకి పైపూత పోయి చేదు బయటపడుతుంది, మెట్రోనిడజోల్, ట్రమడాల్ లాంటివి మరీ చేదు. ముక్కకు కాస్త నెయ్యి రాస్తే చేదు తెలియదు, గొంతులో జారుతుంది. ఖాళీ జెలటిన్ క్యాప్సూల్లో పెట్టినా మంచిదే, 3 లేదా 4 నంబరు సైజు అడగండి. నంబరు పెరిగేకొద్దీ సైజు చిన్నది.

ఎత్తేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, ఇంకో చేయి పిరుదుల కింద. పొట్ట కింద చేయి పెట్టొద్దు, మెడ తోలు పట్టి వేలాడదీయొద్దు. బల్ల మీద తువ్వాల పరిచి పిల్లిని దాని మధ్యలో కూర్చోబెట్టండి. దాని వెనుక భాగం మీ కడుపుకు ఆనాలి, ఎందుకంటే మందు వేసేటప్పుడు పిల్లి వెనక్కి జరిగి జారుకుంటుంది. తువ్వాల అంచులు రెండు వైపుల నుంచి తెచ్చి మెడ దగ్గర, ముందు కాళ్ల మీద బిగువుగా చుట్టండి. రొమ్ము దాటాక వదులుగా ఉండాలి, కోత మీద ఒత్తిడి పడకూడదు. ఎండల్లో ఈ చుట్టు రెండు నిమిషాలకు మించొద్దు. గరాటు కాలర్ తీయకండి, అది ఉంటే పంజా మీ చేతి దాకా రాదు.

కుడిచేతివాటం అయితే ఎడమ అరచేతిని తల పైనుంచి వేసి, బొటనవేలు ఒక చెంప ఎముక మీద, చూపుడువేలు రెండో చెంప ఎముక మీద పెట్టండి. మీసాలు నలపొద్దు. ముక్కు పైకప్పును చూసేలా తల కొంచెం వెనక్కి వంచితే కింది దవడ దానంతటదే సడలుతుంది. కుడి చేతి మధ్యవేలితో ముందు పళ్లను కిందికి నొక్కి, బొటనవేలు-చూపుడువేలి మధ్య ఉన్న గోలీని నాలుక మధ్య గీత మీద, వీలైనంత లోపల వదలండి. నాలుక కొన మీద పెడితే ఉమ్మేస్తుంది, పక్కన పెడితే నమిలి నురగ కక్కుతుంది. వెంటనే నోరు మూసి, తల మామూలు స్థితికి దించి, గొంతు కింద మెల్లగా నిమరండి. నాలుకతో ముక్కు నాకిందంటే మింగినట్టు.

ఆ తర్వాతి పని చాలామంది చేయరు: నీళ్లు. గోలీ వెనకాల 5 మి.లీ. నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వాలి. వట్టిగా మింగిన గోలీ అన్నవాహికలో నిమిషాల తరబడి ఆగిపోతుంది. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ లాంటివి అలా ఆగిన చోట పుండు చేస్తాయి. అది మానేటప్పుడు గొట్టం ముడుచుకుపోతుంది, కొన్నాళ్లకు పిల్లి తిన్నదంతా వెనక్కి వచ్చేస్తుంది. ఒక సిరంజి నీళ్లకు బద్ధకించి తెచ్చుకునే బాధ ఇది. డాక్సీసైక్లిన్‌ను పాలతో, పెరుగుతో ఇస్తే అందులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, అది కూడా చేయకండి.

రెండుసార్లు ప్రయత్నించినా పడకపోతే ఆపేయండి. అరగంట వదిలేసి మళ్లీ చూడండి. పెనుగులాటలో కుట్లు తెగడం కన్నా గోలీ అరగంట ఆలస్యం కావడం మేలు. కరిచినా గీకినా ఆ చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ప్రభుత్వ దవాఖానకు పోవాలి.

ద్రవం మందు

ఇక్కడ తల వెనక్కి వంచకూడదు. గోలీకి చేసింది ద్రవానికి చేస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. తల నిటారుగా, ముక్కు నేలకు సమానంగా ఉండాలి. సిరంజి కొనను కోరపన్ను వెనకాల పెదవి మూల నుంచి చెంప సంచిలోకి పెట్టి, ఒక్కసారికి అర మి.లీ. లోపు వదిలి, మింగాక ఇంకొంచెం. గొంతు వైపు సూటిగా చిమ్మొద్దు. దగ్గితే ఆగి తల కిందికి వదిలేయండి. చేదు వల్ల నోట నురగ రావడం మామూలే, కొద్ది నిమిషాల్లో పోతుంది. సగం బయటికి పోయిందనిపించినా మళ్లీ పూర్తి డోసు వేయొద్దు. కక్కినా అంతే, డాక్టరును అడిగాకే.

తిండిలో కలపడం

కలిపితే సులువే, కానీ గిన్నె నిండా అన్నంలో కలపొద్దు. సగం తిని వదిలేస్తే మందు ఎంత పడిందో తెలియదు. చేదు తగిలితే ఆ తిండినే మానేస్తుంది, ఆపరేషన్ అయిన పిల్లి తిండి మానడం పెద్ద నష్టం. ఉడికించిన కోడి కార్జం గోళీ అంత ముద్ద చేసి అందులో గోలీ పెట్టండి. మొదట వట్టి ముద్ద, రెండోది మందు ముద్ద, వెంటనే మూడోది వాసన చూపిస్తూ. మూడోదాని కోసం రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. ముళ్లు తీసిన కొరమీను ముక్క, ఉడికిన గుడ్డు పచ్చసొన కూడా పనికొస్తాయి. కూరలోంచి తీసి కడిగిన ముక్క వద్దు: ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరిచేస్తాయి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ.

కోత మీద ఏమీ రాయకండి

పసుపు, కొబ్బరి నూనె, వేప నూనె, డెటాల్, ఫినాయిల్ నీళ్లు, పశువుల పుండ్లకు కొట్టే కర్పూరం, యూకలిప్టస్ వాసనల స్ప్రేలు, ఇవేవీ వద్దు. పిల్లి ఒంటి మీద రాసిందంతా చివరికి నాలుక మీదికే వస్తుంది, వీటిలో చాలావాటిని దాని కాలేయం తట్టుకోదు. డాక్టరు ప్రత్యేకంగా ఏదైనా రాసిస్తే అదే, చెప్పినంతే. రోజుకు రెండుసార్లు కళ్లతో చూడండి. మట్టి తొట్టి బదులు చింపిన పేపరు వేస్తే దుమ్ము అంటదు. వానాకాలం ఈగ వాలి పురుగు పట్టే భయం ఉంటుంది, కుట్లు విప్పేదాకా ఇంట్లోనే, వీలైతే దోమతెర ఉన్న గదిలో ఉంచండి.

ఆగకుండా పోవాల్సిన సందర్భాలు

చిగుళ్లు పాలిపోయినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, కోత నుంచి రక్తం చుక్కలుగా కారుతూనే ఉన్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు. ఈ లక్షణాలు లోపల రక్తం పోతోందని చెప్పవచ్చు. ఒక రోజు గడిచినా ఏమీ తినకపోతే, మూత్రం పోయకపోతే, రెండుసార్లకు మించి కక్కితే, విరేచనం తారులా నల్లగా వస్తే మందులన్నీ ఆపి ఫోన్ చేయండి. పిల్లి మామూలు వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మనకన్నా ఎక్కువే. అందుకే చెవులు ముట్టుకుని జ్వరం అని తేల్చకండి, థర్మామీటర్‌లో 103 దాటితే చెప్పండి. కుట్ల కింద చిన్న గట్టి ముడి తగలడం సహజం. అది పెరుగుతున్నా, తడిగా ఉన్నా, వాసన వస్తున్నా సహజం కాదు. దగ్గర్లో చూసేవాళ్లు లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది.

యాంటీబయాటిక్ రాసినన్ని రోజులూ వేయండి, హుషారుగా తిరుగుతోందని మూడో రోజే మానొద్దు. నొప్పి మందు మాత్రం రాసిన రోజులు దాటి ఒక్క డోసు కూడా వేయకండి. బయటి కుట్లు ఉంటే పది, పద్నాలుగు రోజుల మధ్య విప్పిస్తారు, గరాటు కాలర్ అప్పుడే తీయాలి. మిగిలిన సిరప్ పారబోయండి. మిగిలిన మెలాక్సికామ్ సీసాను పక్కింటి పిల్లికి ఇవ్వకండి. దాని బరువు వేరు, దాని కిడ్నీల సంగతి మీకు తెలియదు.